పైలట్ కావాలంటే ముందు ఏ సైనిక ఉద్యోగం?
పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు 18. బీటెక్ చదివించే స్తోమత ఇంట్లో లేదు. అగ్నివీర్ వాయులో (వాయుసేనలో నాలుగేళ్ల సర్వీసు) చేరి, విమానాలకు దగ్గరగా ఉండే టెక్నికల్ పని తీసుకుంటే తర్వాత పైలట్‌ను కావొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, తణుకు

ఆ ఉద్యోగం నుంచి ప్రమోషన్‌గా పైలట్ సీటు రాదు. మన వాయుసేన, నౌకాదళం, సైన్యం మూడింటిలోనూ విమానం, హెలికాప్టర్ నడిపేది కమిషన్డ్ ఆఫీసర్లే. ఫ్లయిట్ ఇంజినీర్, ఫ్లయిట్ గన్నర్ లాంటి హోదాల్లో విమానంలో ఎగిరే ఎయిర్‌మన్లు (ఆఫీసర్లు కాని సిబ్బంది) ఉన్నారు. వాళ్లది గౌరవమైన, కష్టమైన పని. కానీ కంట్రోల్స్ వాళ్ల చేతిలో ఉండవు. పైగా అగ్నివీర్ వాయులో ఏ పని చేయాలో మీరు ఎంచుకోలేరు. అవసరాన్ని బట్టి వాయుసేనే కేటాయిస్తుంది.

డబ్బు లేదన్నారు కాబట్టి మీరు ముందు చూడాల్సింది ఎన్‌డీఏ, అంటే ఇంటర్ తర్వాత ఆఫీసర్లుగా శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. అక్కడ శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే, డిగ్రీ కూడా చేతికొస్తుంది. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉన్నాయి కాబట్టి వాయుసేనకు అర్హత ఉంది. కోర్సు మొదలయ్యే నాటికి 16½ నుంచి 19½ ఏళ్ల మధ్య ఉండాలి. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పరీక్ష పెడుతుంది. మ్యాథ్స్‌కు 300, జనరల్ ఎబిలిటీకి 600, ఆఫీసర్ల ఎంపిక బోర్డు ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు 900 మార్కులు. ఎంసెట్‌కు చదివిన మ్యాథ్స్ ఇక్కడ బాగా పనికొస్తుంది. మన పిల్లలు ఎక్కువగా వెనకబడేది ఇంగ్లిష్‌లో, ఎస్‌ఎస్‌బీలో అందరిముందు గొంతు విప్పి మాట్లాడటంలో. మీ వయసుకు ఇంకా ఒకటి రెండు ప్రయత్నాలు మిగిలి ఉన్నాయి. వాటిని వదిలేసి అగ్నివీర్‌కు వెళ్లొద్దు.

అది కుదరక అగ్నివీర్‌గా చేరితే మాత్రం మొదటి రోజు నుంచే లెక్క వేసుకోవాలి. వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచ్‌కు తర్వాతి దారి ఆఫ్‌క్యాట్, అంటే డిగ్రీ ఉన్నవారికి వాయుసేన పెట్టే ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష. దానికి ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్ రెండింటిలోనూ విడివిడిగా 50 శాతం, 60 శాతం మార్కులతో డిగ్రీ, 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. ఆ వయసును చూసేది దరఖాస్తు రోజున కాదు, కోర్సు మొదలయ్యే రోజున. దరఖాస్తుకూ కోర్సుకూ మధ్య దాదాపు ఏడాది పోతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 18½కి చేరితే నాలుగేళ్ల సర్వీసు ముగిసేసరికి మీకు 22½. వెంటనే దరఖాస్తు చేస్తే 23½కి కోర్సు. ఒక్క అవకాశం కచ్చితంగా ఉంది, రెండోది అంచున ఉంటుంది. అదే 20 దాటాక చేరినవాళ్లకు బయటికొచ్చేసరికే ఆ గడువు అయిపోతుంది.

ఈ లెక్క కుదరాలంటే డిగ్రీ సర్వీసులో ఉండగానే పూర్తి కావాలి. దూరవిద్యలో చేరేటప్పుడు పరీక్ష కేంద్రాల సంగతి చూసుకోండి. పోస్టింగ్ జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో పడితే తెలుగు రాష్ట్రాల వర్సిటీ పరీక్షలకు ప్రతిసారీ సెలవు దొరకదు. దేశమంతా కేంద్రాలున్న ఇగ్నో నయం. పాసైతే చాలనుకోవద్దు, 59 శాతం వచ్చినా ఆఫ్‌క్యాట్ ఫారం నింపలేరు. సర్వీసులో ఉండగా ఏ పరీక్ష రాయాలన్నా పైఅధికారి అనుమతి తీసుకోవాలి. చేరేముందే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ నిబంధన చదవండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. కళ్లద్దాల పవర్ మైనస్ 1.5. ఎత్తు 164 సెం.మీ. ఆఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్ పెట్టుకోవచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

పెట్టుకోవచ్చు, కానీ ఇప్పుడున్న కళ్లతో మెడికల్ గట్టెక్కదు. ఫ్లయింగ్ బ్రాంచ్‌లో మయోపియాకు (మైనస్ పవర్) అద్దాలు ఒప్పుకోరు. లేజర్ చికిత్స చేయించుకున్నవారిని ఆఫ్‌క్యాట్ దారిలో కొన్ని షరతుల మీద తీసుకుంటారు. ముఖ్యమైనవి రెండు: చికిత్స 20 ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి, మెడికల్‌కు వెళ్లేనాటికి కనీసం 12 నెలలు గడిచి ఉండాలి. కంటి గుడ్డు పొడవుకు, కార్నియా మందానికి కూడా పరిమితులున్నాయి. అందుకే ఆపరేషన్‌కు ముందే ఆ రెండూ కొలిపించి, చికిత్సకు ముందరి రిపోర్టులన్నీ దాచుకోండి. వాటిని మెడికల్ బోర్డు అడుగుతుంది. ఫైనలియర్ మొదలయ్యాక చేయించుకుంటే 12 నెలల గడువు మీ మొదటి ప్రయత్నాన్ని మింగేస్తుంది.

కనీస ఎత్తు 162.5 సెం.మీ. కాబట్టి మీ 164 సరిపోతుంది. కానీ ఎత్తుతోనే అయిపోదు. కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96, కాలు పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64 సెం.మీ. లోపు ఉండాలి. వీటిని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గోడకు నడుము, వీపు ఆనించి నేల మీద కాళ్లు చాపుకుని కూర్చోండి. నేల నుంచి నడినెత్తి వరకు కూర్చున్న ఎత్తు, గోడ నుంచి మడమ వరకు కాలు పొడవు. తొడకు మాత్రం కుర్చీలో మోకాలు మడిచి కూర్చుని, పిరుదుల వెనక నుంచి మోకాలి చిప్ప ముందు వరకు కొలవాలి. కాలు పొట్టిదైతే రడ్డర్ పెడల్ చివరిదాకా తొక్కలేరు. తొడ మరీ పొడవైతే ప్రమాద సమయంలో పైలట్‌ను కాపాడేందుకు సీటు విమానం నుంచి పైకి ఎగిరినప్పుడు మోకాళ్లు ఎదుటి ప్యానెల్‌కు తగులుతాయి. అందుకే ఈ కొలతల్లో సిఫారసు, సడలింపు ఉండవు.

ప్రశ్న: సీడీఎస్ (డిగ్రీ తర్వాత ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) ఫారంలో ఐఎంఏ (సైన్యం అకాడమీ), నేవల్ అకాడమీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఓటీఏ (సైన్యంలో షార్ట్ సర్వీస్ శిక్షణ) – ఏ వరుసలో పెట్టాలి? పైలట్ పరీక్ష జీవితంలో ఒక్కసారే అంటున్నారు, నిజమేనా?
– డిగ్రీ ఫైనలియర్ విద్యార్థి, కర్నూలు

నిజమే. సీపీఎస్‌ఎస్ అనే ఆ పరీక్షలో ఒకసారి తప్పితే ఫ్లయింగ్ బ్రాంచ్‌కు మళ్లీ రాయనివ్వరు. ఎన్‌డీఏ సమయంలో తప్పినా, ఆఫ్‌క్యాట్‌లో తప్పినా అంతే. నేవీ పైలట్ ఎంట్రీకీ అదే ఫలితం అడ్డొస్తుంది. ‘ఎలా ఉంటుందో చూద్దాం’ అని వెళ్లే పరీక్ష కాదిది.

దీనిలో రెండు భాగాలు. మొదటిది విమాన పరికరాల డయల్స్ చదవడం. ఆల్టిమీటర్, దిక్సూచి, ఆర్టిఫిషియల్ హొరైజన్ వంటివి చూసి విమానం ఎటు తిరిగిందో, ఎక్కుతోందో దిగుతోందో చెప్పాలి. రెండోది చేతులు, కాళ్లు, కన్ను, చెవి ఒకేసారి పనిచేయాల్సిన యంత్రం. స్టిక్, పెడల్స్‌తో తెర మీద కదిలే గుర్తును చదరంలో నిలుపుతూనే, మధ్యలో వెలిగే లైట్లకు, మోగే శబ్దాలకు స్పందించాలి. లైటు ఆర్పే తొందరలో స్టిక్ వదిలేయడం, గుర్తు చదరం దాటగానే గట్టిగా లాగి అవతలి వైపు పడేయడం – తప్పేవాళ్లు తప్పేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే. చిన్న చిన్న కదలికలే నిలబెడతాయి. పరికరాల గురించి ముందే చదువుకుని వెళ్లండి. రాత్రంతా రైల్లో మేలుకుని తెల్లారి మైసూరులో దిగి నేరుగా ఎంపిక బోర్డుకు వెళ్లడం మాత్రం వద్దు.

ఇక వరుస. పైలట్ కావడమే లక్ష్యమైతే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మొదట ఉండాలి. రెండోది మా అభిప్రాయంలో ఐఎంఏ. సైన్యానికి 1986లో ఏర్పడిన సొంత ఏవియేషన్ కోర్ ఉంది. ఆర్టిలరీ వంటి ఇతర విభాగాల నుంచి స్వచ్ఛందంగా ముందుకొచ్చే యువ ఆఫీసర్లను ఎంపిక చేసి, నాసిక్‌లో హెలికాప్టర్ శిక్షణ ఇస్తారు. అక్కడికి అందరూ చేరరు. కానీ వాయుసేనలో గ్రౌండ్ డ్యూటీ (ఎగరని పని) ఆఫీసర్‌గా చేరి పైలట్ బ్రాంచ్‌కు మారాలనుకోవడం కంటే ఈ దారే మెరుగు. గ్రౌండ్ డ్యూటీని ఇష్టపడి తీసుకుంటే అది గొప్ప ఉద్యోగమే. మెట్టుగా వాడుకుందామని తీసుకుంటే ఇరవై నాలుగేళ్లకే చిక్కుకుపోతారు.

దుండిగల్‌లోని అకాడమీ హైదరాబాద్ పక్కనే ఉంది, పిలాటస్ విమానాల మీద మొదటి దశ శిక్షణ అక్కడే. సీటు వచ్చినంత మాత్రాన వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) వచ్చినట్టు కాదు. సోలో దశలోనో, పరీక్షా ఫ్లయింగ్‌లోనో వెనకబడినవారిని ఫ్లయింగ్ నుంచి తప్పిస్తారు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా మూడో ఏట ఉన్నాడు. బయటికొచ్చాక సేవానిధి (సర్వీసు చివర అగ్నివీర్లకు ఇచ్చే మొత్తం) డబ్బుతో కమర్షియల్ పైలట్ కోర్సు చేస్తానంటున్నాడు. సరిపోతుందా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం

ఒక్క సేవానిధితో సరిపోదు. నాలుగేళ్లకు అసలు రూ.10.04 లక్షలు, దానిపై వడ్డీ. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తనే కెప్టెన్‌గా, 20 గంటలు దూర ప్రయాణాల్లో, 10 గంటలు పరికరాల ఆధారంగా, 5 గంటలు రాత్రిపూట. ఈ గంటల ఖర్చు సేవానిధికి చాలా రెట్లు ఉంటుంది. ఎయిర్‌లైన్‌లో చేరేందుకు ఫలానా రకం విమానంపై చేసే టైప్ రేటింగ్‌కు ఖర్చు వేరే.

అందుకే వరుస తప్పొద్దు. మొదట పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్. రెండూ చేతికొచ్చాకే ఫీజు సంగతి. ఇంకా ఉద్యోగంలో ఉండగానే నావిగేషన్, వాతావరణం, ఎయిర్ రెగ్యులేషన్స్ పుస్తకాలు మొదలుపెట్టొచ్చు. లైసెన్సు పరీక్షల్లో ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి. ఫ్లయింగ్ స్కూల్‌కు వెళ్లినప్పుడు బ్రోచర్ కాదు, మూడు సంగతులు అడగాలి: ఈ రోజు ఎగరగలిగే విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎంతమంది, పోయిన నెలలో ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరాడు. విమానాలు మరమ్మతుల్లో ఉంటే ఏడాది కోర్సు మూడేళ్లవుతుంది, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకుండా ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కట్టేలా రాతపూర్వకంగా ఒప్పుకోండి. లైసెన్సు వస్తే ఇంకో మేలుంది. అది ఉన్నవారికి ఆఫ్‌క్యాట్ ఫ్లయింగ్ వయసు 26 వరకు సడలిస్తారు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది, హైస్కూల్ అయిపోయింది. అమెరికా సైన్యంలో చేరి పైలట్ కావాలంటున్నాడు. ఏ ఉద్యోగం ఎంచుకోవాలి?
– ఒక తల్లి, టెక్సాస్

అక్కడ తీరు వేరు. అమెరికా ఆర్మీలో హెలికాప్టర్లు ఎక్కువగా నడిపేది వారంట్ ఆఫీసర్లు (సిపాయిలకూ కమిషన్డ్ ఆఫీసర్లకూ మధ్య హోదా). దానికి డిగ్రీ తప్పనిసరి కాదు, సైనికుడిగా ఉంటూ కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ పౌరసత్వం ఉండి తీరాలి. గ్రీన్‌కార్డుతో సిపాయిగా చేరవచ్చు, సర్వీసు ఆధారంగా పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు, ఆ తర్వాతే పైలట్ ప్యాకెట్, అంటే పైలట్ ఎంపికకు దరఖాస్తు. బ్లాక్‌హాక్ మెకానిక్ కోడ్ 15టి తీసుకుంటే హెలికాప్టర్ తెలుస్తుంది, సిఫారసు లేఖలు ఇవ్వగల పైలట్లు రోజూ పక్కనే ఉంటారు. అయినా ఎంపికలో ఆ ట్రేడే కావాలన్న నియమం లేదు. సైన్యంలో చేరేటప్పుడు రాసే అస్వాబ్ పరీక్షలో జీటీ (జనరల్ టెక్నికల్) స్కోరు కనీసం 110, సిఫ్ట్ అనే ఏవియేషన్ పరీక్షలో 40 రావాలి. సిఫ్ట్‌ను జీవితంలో రెండుసార్లకు మించి రాయనివ్వరు, పాసైతే స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాయడం కుదరదు. శిక్షణ ముగిశాక 10 ఏళ్ల సర్వీసు ఒప్పందం ఉంటుంది. రిక్రూటర్ నోటిమాటగా చెప్పినది లెక్కలోకి రాదు, ట్రేడ్ కోడ్ కాంట్రాక్టులో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోమనండి.