ఆంగ్లంలో 'జాపనీస్' అన్న మాటను ఎలా వాడాలి?

జపాను దేశస్థుణ్ణి ఆంగ్లంలో 'ఎ జాపనీస్' అనవచ్చా, ఇద్దరుంటే 'జాపనీసెస్' అవుతుందా అని మీరు అడిగారు. టోక్యోలోని ఒక కార్యాలయంలో భారతీయ ఇంజనీర్లు రాసే ఆంగ్ల నివేదికలను సరిదిద్దడం నా పనిలో భాగం కాబట్టి, అక్కడ తరచుగా ఎదురయ్యే విషయాల ఆధారంగా చెబుతున్నాను.

'జాపనీసెస్' అన్న రూపం ఆంగ్లంలో చెల్లదు. చైనీస్, వియత్నమీస్, పోర్చుగీస్ మాటల్లాగే దీనికీ ఏకవచనంలోనూ బహువచనంలోనూ ఒకటే రూపం. ఇండియన్, కొరియన్ వంటి వాటికే చివర 'ఎస్' చేరుతుంది. 'ఎ జాపనీస్' నిఘంటువుల్లో ఉంది, వ్యాకరణం దాన్ని తప్పుపట్టదు. అయితే నేటి ఆంగ్లంలో అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, కొందరికి మర్యాద తక్కువగా కూడా తోస్తుంది. అందుకే నివేదికలో 'ఎ జాపనీస్ విజిటెడ్ అజ్' అని కనబడితే, ఆ వచ్చినవారు ఎవరో కనుక్కుని 'ఎ జాపనీస్ క్లయింట్' అనో 'ఎ జాపనీస్ ఇంజనీర్' అనో మారుస్తాను. ఒకరి దేశం చెప్పడమే ఉద్దేశమైతే 'షి ఈజ్ జాపనీస్' సరిపోతుంది. 'ది జాపనీస్' అంటే సుమారు 12 కోట్ల జనమంతా వస్తారు కనుక, అలవాట్ల గురించి రాసేటప్పుడు 'మెనీ జాపనీస్ పీపుల్' అనడమే న్యాయమని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఎక్కడంటే, జపాను భాషలో మనిషికి నిహోన్‌జిన్, భాషకు నిహోంగో అని విడివిడి మాటలున్నాయి, తెలుగులో మనమూ జపనీయులు, జపాను భాష అని వేరుచేసుకుంటాం. ఆంగ్లంలో మాత్రం మనిషికీ, భాషకూ, ఆ దేశపు వస్తువుకూ ఒకే మాట. ఉద్యోగ ప్రకటనలో 'జాపనీస్ రిక్వైర్డ్' అని మాత్రమే రాస్తే, భాష వస్తే చాలా, లేక ఆ దేశ పౌరులే కావాలా అని చదివేవారు తికమకపడతారు. 'జె.ఎల్.పి.టి. ఎన్2 రిక్వైర్డ్' అని, అంటే జపాను భాషా సామర్థ్య పరీక్షలో ఎన్2 స్థాయి కావాలని రాస్తే ఆ సందేహమే రాదు.

మాట్లాడేటప్పుడు ఈ తికమకను ఊనిక, అంటే మాటలో ఒక భాగాన్ని బలంగా పలకడం, తీరుస్తుంది. 'జాపనీస్ టీచర్' అన్నప్పుడు బలం మొదటి మాట మీద పడితే ఆ భాష నేర్పేవారనీ, 'టీచర్' మీద పడితే ఆ దేశానికి చెందిన ఉపాధ్యాయులనీ అర్థం. మాటను విడిగా పలికితే ఊనిక చివరి 'నీ' మీద ఉంటుంది. 'జాపనీస్ గార్డెన్'లాగా వెంటనే మరో మాట వచ్చినప్పుడు అది సాధారణంగా ముందున్న 'జా' మీదికి జరుగుతుంది. మనవాళ్ళు అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతారు కనుక, దీన్ని కొంచెం శ్రద్ధగా సాధన చేయవలసి ఉంటుంది.

ఈ మాట పుట్టుకను చెబుతుందా, పౌరసత్వాన్ని చెబుతుందా అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. 2019లో టోక్యోలోని ఎదోగావా వార్డు సభకు ఎన్నికైన యోగేంద్ర పురాణిక్ భారతదేశంలో పుట్టి జపాను పౌరసత్వం తీసుకున్నవారు. చట్టం దృష్టిలో ఆయన నిస్సందేహంగా జాపనీస్. మరోవైపు, ఇద్దరూ భారత పౌరులైన దంపతులకు టోక్యోలో బిడ్డ పుట్టినంత మాత్రాన ఆ బిడ్డకు జపాను పౌరసత్వం రాదు. అందుచేత పత్రాల్లో 'జాపనీస్ నేషనల్', 'బార్న్ ఇన్ జపాన్' అని విడదీసి రాయడం అవసరం.

ఇక మీరు అడగకపోయినా తప్పక చెప్పవలసింది ఒకటుంది. పట్టికల్లో చోటు చాలక కొందరు మొదటి మూడు అక్షరాలతో 'జాప్' అని కుదిస్తారు. అది తిట్టు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి అమెరికాలో సుమారు 1,20,000 మంది జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించిన రోజుల్లో, ద్వేషంతో విరివిగా వాడిన మాట అది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. కుదించక తప్పకపోతే దేశానికి 'జె.పి.' లేదా 'జె.పి.ఎన్.', భాషకు 'జె.ఎ.' అన్న అంతర్జాతీయ సంకేతాలు ఉన్నాయి, వాటినే వాడండి.