కళాశాల ఆవరణలోని స్టోర్‌లో బేరాలు పెరగాలంటే

కడపలో మీ కళాశాల ఆవరణలో స్టోర్ తెరిచి ఏడాది దాటిందనీ, రెండు వేల మంది విద్యార్థులున్నా వాళ్లు గేటు బయటి దుకాణాలకే వెళ్తున్నారనీ, ధరలు తగ్గించినా ఫలితం కనబడలేదనీ రాశారు. అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కళాశాల లోపల నేను పదకొండేళ్లుగా ఇటువంటి స్టోరే నడుపుతున్నాను. మొదటి రెండేళ్లు నేను కూడా ధరలే తగ్గించుకుంటూ పోయి, చివరికి లాభాన్ని తగ్గించుకున్నాను.

మా దగ్గర ఉదయం ఇంటర్వెల్ పది నిమిషాలే. ఒకరోజు మా తమ్ముణ్ణి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, నేను ఎదురుగా వేపచెట్టు కింద నిలబడి చూశాను. రెండు గ్రాఫ్ షీట్ల కోసం వచ్చిన ఒక అమ్మాయి, ముందున్న అబ్బాయి జిరాక్స్ పని పూర్తయ్యేదాకా ఓపికగా నిలబడి, గంట కొట్టగానే చేతిలోని పది రూపాయల నోటు పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే జిరాక్స్ మిషన్‌ను పక్క కిటికీకి మార్చి, పెన్నులు, ఏ4 కాగితాలు, గ్రాఫ్ షీట్లు బయటి బల్లమీద ధర రాసిపెట్టి, ఎవరికి కావలసినవి వారే తీసుకునేలా ఏర్పాటు చేశాను. చిల్లర తగువు యూపీఐ వచ్చాక చాలావరకు తీరింది; అయితే క్యూఆర్ కోడ్ ఒక్కచోటే ఉంటే అక్కడ మళ్లీ గుంపు చేరుతుంది కనుక రెండు మూడు చోట్ల అతికించండి.

ఇక సరుకు సంగతి. కళాశాల స్టోర్‌కు పండుగలంటే మిడ్ పరీక్షలు, ల్యాబ్ ప్రయోగాలు రాసే రికార్డు పుస్తకాలు సమర్పించే వారాలు, మొదటి సంవత్సరం వాళ్లు చేరే రోజులు. మొదటి సంవత్సరం వాళ్లకు రికార్డు, అబ్జర్వేషన్ పుస్తకం, డ్రాఫ్టర్ (ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో గీతలు గీసే పరికరం), డ్రాయింగ్ షీట్లు కలిపి ముందే కట్టలు కట్టి ఉంచుతాను. వెంట వచ్చిన తల్లిదండ్రులు ఒక్క మాటతో కొని వెళ్తారు. ఏ విభాగంలో ఏ రికార్డు అడుగుతారో ప్రిన్సిపాల్ కంటే ల్యాబ్ అసిస్టెంట్లకే బాగా తెలుసు, వాళ్లతో స్నేహంగా ఉండండి. ఈ మాట విననందుకు నేను ఒకసారి దెబ్బతిన్నాను: బెంగళూరు అవెన్యూ రోడ్డు నుంచి ఆరు వందల రికార్డులు తెప్పించిన నెలకే విభాగం వారు నమూనా మార్చారు, సగానికి పైగా రఫ్ పుస్తకాల ధరకు అమ్ముకోవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, ల్యాబ్ పుస్తకాల మీద 12 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది. పెన్సిళ్లు, రబ్బర్ల మీద కూడా లేదు. కొత్త ధరను బోర్డు మీద రాసి పెడితే, లోపల ధరలు ఎక్కువన్న అపోహ కొంత తగ్గుతుంది.

ఒకసారి వచ్చినవారు మళ్లీ రావడానికి మాకు బాగా పనికివచ్చింది పాత డ్రాఫ్టర్ల వ్యవహారం. రెండో సంవత్సరానికి వెళ్లినవారి దగ్గర డ్రాఫ్టర్ తిరిగి కొని, స్క్రూలు బిగించి, జూనియర్లకు సగం ధరకు అమ్ముతాను. అమ్మడానికి వచ్చినవాడు ఆ డబ్బులో కొంతైనా ఇక్కడే ఖర్చు పెడతాడు. ఏప్రిల్ ఎండల్లో చల్లని మజ్జిగ ప్యాకెట్లు కూడా జనాన్ని తెస్తాయి, వాటి గురించి చెప్పేది పెద్దగా లేదు. అప్పు మాత్రం వద్దు; అప్పున్న విద్యార్థి మన కంటబడకుండా గేటు బయటి దుకాణానికే వెళ్తాడు.

రేపటి నుంచే ఒక చిన్న పుస్తకం పెట్టి, మీరు ‘లేదు’ అని చెప్పిన ప్రతి వస్తువునూ రాసుకోండి. మా పుస్తకంలో మొదటి వారం స్టేప్లర్ పిన్నులు, కాలిక్యులేటర్ బ్యాటరీలు పదేపదే కనబడ్డాయి. కానీ అడగడానికే మొహమాటపడే వస్తువులు అందులోకి ఎక్కవు. శానిటరీ ప్యాడ్ల సంగతి మా ఆవిడ చెప్పేదాకా నాకు తట్టనే లేదు. వాటిని ఎవరినీ అడగకుండా తీసుకునేలా బయటి బల్ల పక్క అరలో పెట్టి, ఆ అరకు కూడా ఒక క్యూఆర్ కోడ్ అతికించాము. అప్పటిదాకా మా స్టోర్ మెట్లెక్కని అమ్మాయిలు ఆ నెల నుంచి రావడం మొదలుపెట్టారు.