తాతగారి .315 రైఫిల్‌కి స్కోప్: లేత్ షాపులో డ్రిల్లు వద్దండి

మీ ప్రశ్న ఇది: తాతగారి .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ లైసెన్సు మీ పేరుకి మారింది, 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే, 40 మి.మీ. ముందు కటకమున్న గురి దుర్భిణి) పెట్టాలి, బొబ్బిలిలో తెలిసిన లేత్ షాపులో రంధ్రాలు వేయించొచ్చా అని. వేయించకండి. తుపాకి రిపేరు, మార్పులు చేయడానికి 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ షాపతనికి అది ఉండదు, ఇరుక్కునేది మీరిద్దరూ. పని ఆయుధాల డీలరు దగ్గరే చేయించండి. ముందు ఛాంబరు (గుండు కూర్చునే గది), బోల్టు (దాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) అరుగుదల చూడమనండి. అవి బాగోకపోతే స్కోప్ మాట తర్వాత.

ఎక్కువ .315లు లీ-ఎన్‌ఫీల్డ్ తరహావి. బోల్టు వెనక భాగంలో లాక్ అవుతుంది, గుళ్లు పైనుంచి నింపుతారు. అందుకే ఈ తరహా సైనిక స్నైపర్ రైఫిళ్లలో కూడా మౌంటును (స్కోప్‌ని తుపాకికి పట్టే అమరిక) రిసీవర్ (బోల్టు కదిలే లోహపు భాగం) ఎడమ గోడకే బిగించేవారు. మీకూ ఎడమ పక్క మౌంటే నయం. డ్రిల్లు అక్కర్లేని మౌంటు సరిగ్గా కూర్చునేది దొరికితే ముందు అదే తీసుకోండి. ఒకసారి పడ్డ రంధ్రం పూడదు, పాత రైఫిల్ విలువా పోతుంది. రంధ్రం తప్పదంటే డ్రిల్లు పక్కకి జారకుండా జిగ్‌లో (డ్రిల్లుకి దారి చూపే పట్టు) పెట్టే వేయాలి. చెయ్యి పట్టుతో అర మిల్లీమీటరు వంకర వచ్చినా గురి ఎప్పటికీ కుదరదు. స్క్రూ పొడవెక్కువైతే కొన లోపలికి వచ్చి బోల్టుకి తగులుతుంది, కాబట్టి ఒక్కో స్క్రూ బిగించాక బోల్టు వెనక్కీ ముందుకీ ఆడించి చూడాలి.

స్కోప్ ట్యూబుని పట్టే రింగులు ఎయిర్‌గన్‌వి వాడకండి. అవి 11 మి.మీ. పట్టాకి పుట్టినవి, రైఫిళ్లకి వాడే వీవర్, పికాటినీ రకాల బేసులు (రింగులు బిగించే పట్టాలు) 21 మి.మీ. దగ్గర ఉంటాయి. ట్యూబు 25.4 మి.మీ.నా, 30 మి.మీ.నా కొలిచాకే రింగులు కొనండి.

బిగించే ముందు మ్యాగజైను తీసి, ఛాంబరు ఖాళీయేనని కంటితోనూ వేలితోనూ చూడండి. బేసు కింద పాత నూనె, తుప్పు మొత్తం తుడవాలి. బేసు స్క్రూలకి నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. రింగు స్క్రూలకి అది వద్దు. రింగుల బిగింపు 15-18 అంగుళం-పౌండ్లు, అంటే 2 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ. మౌంటు కంపెనీ వేరే అంకె చెబితే అదే పాటించండి. అంతకు మించితే ట్యూబు నొక్కుకుపోతుంది, అప్పుడు జూమ్ రింగు తిరగడం బరువవుతుంది. రింగు రెండు సగాల మధ్య సందు రెండు వైపులా సమానంగా రావాలి, ఒక వైపే పూర్తిగా బిగించకూడదు. స్కోప్ వెనక కొసకీ కంటికీ ఉండే దూరం 9 రెట్లలో పెట్టి చూసుకోండి. 75 మి.మీ. కన్నా దగ్గరుంటే రీకాయిల్‌కి (పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం) కనుబొమ్మ చిట్లుతుంది.

రైఫిల్ పాత చెక్క (దవడ ఆనించే భాగం), తుపాకి మీదున్న ఇనుప గురికి తగ్గ ఎత్తులో ఉంటుంది. స్కోప్‌తో కన్ను పైకి లేవాలి, దవడ చెక్కని వదిలేస్తుంది. తాడుతో కట్టే తోలు దిండు వేస్తే చాలు, చెక్క చెక్కించనక్కర్లేదు.

బోల్టు తీసి, రైఫిల్‌ని కదలకుండా ఆనించి, బారెల్ లోంచి 25 మీటర్ల బిందువు చూసి స్కోప్‌ని అక్కడికి తిప్పండి. ఆ తర్వాతే లైసెన్సున్న రేంజిలో మూడేసి గుళ్లు కాల్చండి. స్కోప్ గుండీ ఒక మెట్టు తిరిగితే ఒక క్లిక్, ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. పావు ఎంఓఏ క్లిక్ అంటే 100 మీటర్లకి సుమారు 7 మి.మీ., 25 మీటర్లకి 2 మి.మీ. కన్నా తక్కువ. 25 మీటర్లలో 7 సెం.మీ. పక్కకి పడితే 38 క్లిక్కులు. క్లిక్కులు చివరికి వచ్చేస్తున్నాయంటే తప్పు మౌంటుది, స్కోప్‌ది కాదు. వేటకైతే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదని మీకు తెలిసే ఉంటుంది.

తొలి 20 గుళ్ల తర్వాత బేసు స్క్రూలు, రిసీవరుని చెక్కకి పట్టే స్క్రూలు మళ్లీ చూడండి. గురి ఒక చోట నిలవనప్పుడు అందరూ స్కోప్‌నే తిడతారు. పాత చెక్కలో మాత్రం ఎక్కువసార్లు ముందు స్క్రూ వదులై ఉంటుంది, లేదా వానాకాలంలో చెక్క ఉబ్బి బారెల్‌కి ఒరుసుకుంటుంది. బారెల్ కింద కాగితం జారిస్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. మీ ఇల్లు కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరైతే, వర్షాలయ్యాక ఏటా ఒకసారి బేసు విప్పి కింద పలచగా నూనె రాయండి. ఉప్పుగాలి తుప్పు ముందు పట్టేది అక్కడే. స్క్రూలు మళ్లీ వేసేటప్పుడు పాత థ్రెడ్‌లాకర్ గీకేసి, కొత్త చుక్క వేసి, ఆ తర్వాత జీరో (గురి పెట్టిన చోటే గుండు పడేలా చేసిన సర్దుబాటు) మళ్లీ సరిచూసుకోండి.