పెళ్లికి ముందు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించడం తప్పా?

గుంటూరు నుంచి ఒక అక్కగారు అడిగారు: "తమ్ముడికి 24 ఏళ్లు. నుదురు రెండు పక్కలా పైకి పోయింది. శ్రావణంలో పెళ్లి, ఇంకా పది వారాలుంది. విజయవాడలో ఒక క్లినిక్ వాళ్లు 3,000 గ్రాఫ్టులు పెడితే సరిపోతుందన్నారు. దేవుడిచ్చిన రూపం మార్చడం పాపమని నాయనమ్మ అంటోంది. చేయిస్తే తప్పా? అమ్మాయి వాళ్లకు చెప్పాలా?"

చేయించుకోవడం తప్పు కాదండీ. 24 ఏళ్ల కుర్రాడికి ముహూర్తం చూసుకుని చేయడం మాత్రం తప్పు. ఆ తప్పు కుర్రాడిది కాదు, చేసేవాళ్లది.

ఎందుకో చెప్పాలంటే తల వెనక జుట్టు దగ్గర మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ప్లాంట్‌లో కొత్త జుట్టు పుట్టదు. వెనక, చెవుల పైన ఉన్న పట్టీలోంచి కుదుళ్లు తీసి ముందు నాటుతారు. అలా తీసిన ఒక్కో కుదురునే గ్రాఫ్టు అంటారు, అందులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. తీసిన చోట మళ్లీ మొలవదు. అక్కడ చదరపు సెంటీమీటరుకు 70, 80 గ్రాఫ్టులు ఉంటాయి, అందులో సగం దాటి తీస్తే వెనక తల చిమ్మెట కొట్టిన ఉన్ని శాలువలా కనిపిస్తుంది. మంచి ఒత్తు జుట్టున్న మనిషికి కూడా జీవితం మొత్తానికి 5,000, మహా అయితే 6,000 గ్రాఫ్టులు. వానొస్తే నిండడానికి అది చెరువు కాదు, అమ్ముకుంటే పోయే పొలం. మీ తమ్ముడికి 24 ఏళ్లకే 3,000 తీస్తామంటున్నారంటే సగం పొలం రిజిస్ట్రేషన్ చేయించేస్తున్నారన్నమాట. 40 ఏళ్లకు సుడి దగ్గర ఖాళీ అయితే, ఒక్క ఆ సుడికే ఇంకో 3,000 కావాలి. నడినెత్తి సంగతి ఏం చేస్తారు? ముందు ఒత్తుగా ఒక వరస, దాని వెనక మైదానం. మామూలు బట్టతల కన్నా అది ఎబ్బెట్టుగా ఉంటుంది, దాన్ని దాచడానికి మిగిలిన దారి ఒక్క గుండే. ఆ గుండులో కూడా వెనక తెల్లటి చుక్కలు కనిపిస్తాయి.

విజయవాడ సూర్యారావుపేటలో అయినా, గుంటూరు అరండల్‌పేటలో అయినా, ఈ పనిలో మంచీ చెడూ తేలేది కత్తి దగ్గర కాదు, స్కెచ్ పెన్ దగ్గర. కుర్రాడిని అద్దం ముందు కూర్చోబెట్టి నుదుటి మీద గీత గీస్తారు. కనుబొమల మధ్య నుంచి ఏడు, ఎనిమిది సెంటీమీటర్ల పైన ఆ గీత రావాలి. రెండు మూలలూ కాస్త వెనక్కి ఉండాలి. తిన్నగా గీయకూడదు, అక్కడక్కడా వంకర పోవాలి. మొదటి రెండు మూడు వరసల్లో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులే పెట్టాలి, లేకపోతే బొమ్మ తలలా కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కుర్చీ వెనక నిలబడ్డ అమ్మ "ఇంకొంచెం కిందకి గీయండి సార్, చిన్నప్పుడు వీడి నుదురు ఇంతే ఉండేది" అంటుంది. పిల్లవాడు ఫోన్‌లో ఒక హీరో ఫొటో చూపిస్తాడు. చెరిపి ఒకటిన్నర సెంటీమీటరు కిందకి గీస్తే చాలు, అందరూ నవ్వుతారు. లెక్క వేయండి. పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర లోతు, 21 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 40 చొప్పున 840 గ్రాఫ్టులు. ఆ ఒక్క నవ్వు ఖరీదు జీవితకాలపు నిల్వలో ఆరో వంతు. గ్రాఫ్టుకింత అని బిల్లు వేసేవాడికి ఆ గీత ఎంత దిగితే అంత లాభం. "వద్దమ్మా, ఇంతకన్నా దించను" అని పెన్ను మూత పెట్టేవాడే డాక్టరు. నీతి అనే మాటకు ఈ వృత్తిలో నాకు తెలిసిన అర్థం అదే.

ఇక ముహూర్తం. నాటిన వెంట్రుకలు రెండో వారం నుంచి ఆరో వారంలోపు దాదాపు అన్నీ రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది, పైన వెంట్రుక ఊడుతుంది, అది మామూలే. చుట్టుపక్కల ఉన్న సొంత జుట్టు కూడా కొంత పలచబడొచ్చు. కొత్త మొలకలు మూడు నాలుగు నెలలకు కనిపిస్తాయి, పూర్తి రూపం రావడానికి ఏడాది, సుడి దగ్గరైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఇప్పుడు చేయిస్తే శ్రావణంలో పీటల మీద కూర్చునే నాటికి మీ తమ్ముడి తల ఇప్పటికన్నా అధ్వానంగా, నుదురు కాస్త ఎర్రగా ఉంటుంది. కొందరు పెళ్లి పది రోజుల్లో ఉందనగా వస్తారు, అది ఇంకా ఘోరం. గ్రాఫ్టు గట్టిగా పట్టుకోవడానికి తొమ్మిది పది రోజులు కావాలి. ఈలోపు నెత్తి మీద జీలకర్ర బెల్లం ముద్ద అదిమి, తలంబ్రాలు దోసిళ్లతో కుమ్మరించి, తర్వాత తలంటితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హెల్మెట్ కూడా అంతే. నది స్నానాలు నెల వరకు వద్దు. తిరుపతి మొక్కు ఉంటే ఏడాది తర్వాత గుండు చేయించుకోవచ్చు, కుదుళ్లకు ఏమీ కాదు.

మత్తు మందు సంగతి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. ఇది పూర్తి మత్తు కాదు, వేసిన చోటును మాత్రమే మొద్దుబార్చే లిగ్నోకైన్ అనే మందును తల చుట్టూ సూదులతో ఎక్కిస్తారు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌కు హద్దు కిలోకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల కుర్రాడికి 420, అంటే రెండు శాతం మందు 21 మిల్లీలీటర్లు. ఉదయం వెనక వైపు కొంత, గ్రాఫ్టులు నాటే ముందు నుదుటి వైపు కొంత వెళ్తుంది. మధ్యాహ్నం మూడింటికి మత్తు దిగి పిల్లవాడు "నొప్పి" అంటాడు. డాక్టరు గదిలో ఉండడు. ఉదయం ఎంత ఎక్కించారో ఎక్కడా రాసి ఉండదు. టెక్నీషియన్ ఇంకో సిరంజి తీస్తాడు. నాలుక తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు వచ్చాయంటే మోతాదు దాటినట్టు. ఆ తర్వాత ఫిట్స్, ఆపైన గుండె. దానికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణం, కిలోకు ఒకటిన్నర మిల్లీలీటరు వెంటనే ఎక్కించాలి, మీ వాడికైతే 90 మిల్లీలీటర్లు. "ఆ సీసా మీ దగ్గర ఉందా, చూపించండి" అని అడగండి. మొహమాటపడకండి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన కాన్పూర్ కేసు 2025లో పత్రికలన్నిటిలోనూ వచ్చింది.

జాతీయ వైద్య కమిషన్ 2022లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన శిక్షణ అయిపోయినట్టు కాదని అందులో స్పష్టంగా రాశారు. కాబట్టి మీరు అడగాల్సింది "డాక్టరు ఎవరు" అని కాదు. "గీత ఎవరు గీస్తారు, కుదుళ్లు తీసే పంచ్ ఎవరు పడతారు, సూది ఎవరు వేస్తారు, ఆపరేషన్ సాగే ఎనిమిది గంటలూ డాక్టరు ఏ గదిలో ఉంటారు" అని అడగండి. పంచ్ ఒక మిల్లీమీటరు లోపు ఉంటుంది, కోణం తప్పితే కుదురు మధ్యకు తెగుతుంది. తీసిన గ్రాఫ్టులు చల్లటి సెలైన్‌లో ఉండాలి. బయట గడిచే ప్రతి గంటకూ నూటికి ఒకటి చొప్పున చస్తాయనుకోండి. అందుకే ఒకే రోజు రెండు కేసులు పెట్టుకునే చోటికి వెళ్లొద్దు. గ్రాఫ్టులకూ వెంట్రుకలకూ తేడా చెప్పకుండా "ఆరు వేలు పెట్టాం" అనేవాళ్లున్నారు. అవి 3,000 గ్రాఫ్టుల్లో ఉన్న వెంట్రుకలు. పళ్లెంలో యాభయ్యేసి పేర్చి లెక్క చూపించమనండి.

హోర్డింగుల మీద నాకు చాలా కోపం. "ముందు" ఫొటో తడి జుట్టుతో, నెత్తి మీద లైటు వేసి తీస్తారు. "తర్వాత" ఫొటో ఆరబెట్టి, దువ్వి, పక్క నుంచి తీస్తారు. రోగుల్ని ఇలా పిలుచుకోవడం 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారమే నిషిద్ధం. అయినా బెంజి సర్కిల్‌లో తలెత్తితే ఇవే. ఇక సంతకాల కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుంది, అదీ తల గొరిగేశాక చేతిలో పెడతారు. గొరిగిన తలతో లేచి ఎవడు వెళ్లిపోతాడు? మొదట విషయం చెప్పాలి, వేరే దారులు చెప్పాలి, ప్రమాదాలు చెప్పాలి, చేయించుకోకపోతే ఏమవుతుందో చెప్పాలి, అప్పుడే అది సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. కాగితం తెలుగులో, వారం ముందు ఇంటికి తెచ్చుకోండి.

నాయనమ్మగారికి ఒక మాట. ముక్కు కోసేసిన మనిషికి చర్మంతో కొత్త ముక్కు పెట్టడం మన దేశపు విద్యే, సుశ్రుతుడి నాటిది. టిప్పు సైన్యం చేతిలో ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండి తోలే మనిషికి పుణేలో ఇటుకలు చేసే కులంవాడొకడు నుదుటి చర్మం దించి అలా చేసిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చూసి ఇంగ్లండు నేర్చుకుంది. రూపం సరిచేయడం పాపమైతే గ్రహణం మొర్రి కుట్టడం, కాలిన మెడ సరిచేయడం కూడా పాపమే అవ్వాలి. జీఎస్టీ నిబంధనల్లో కూడా ఈ గీత ఉంది: పుట్టుక లోపానికి, ప్రమాదానికి చేసే ప్లాస్టిక్ సర్జరీకి పన్ను లేదు, అందం కోసం చేసేదానికి, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు ఉంది. పన్నుకు ఆ గీత సరిపోతుందేమో, మనిషికి సరిపోదు. జుట్టు గురించి పిల్లవాడు నిద్రపోకుండా బాధపడుతున్నాడంటే అదీ బాధే. కాకపోతే ఆ బాధకు మొదటి మందు పంచ్ కాదు.

ముందు ఈ మధ్య డెంగీ, టైఫాయిడ్ లాంటివి వచ్చాయేమో చూడండి. పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు గుత్తులు గుత్తులుగా రాలి, దానంతట అదే తిరిగొస్తుంది. థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించండి. అవేవీ కాకుండా వంశపు బట్టతలే అని చర్మవ్యాధుల డాక్టరు తేలిస్తే, ఆయన పర్యవేక్షణలో తలకు రాసే మినాక్సిడిల్ 5 శాతం ఒక మిల్లీలీటరు పూటకొకసారి, రోజుకు రెండుసార్లు. మొదటి వారాల్లో రాలడం పెరగొచ్చు, భయపడి ఆపేయకూడదు. ఆయన రాస్తే ఫినాస్టెరైడ్ ఒక మిల్లీగ్రాము మాత్ర. కనీసం ఏడాది చూడాలి. ఉన్నది నిలబడిందని తేలాక, ఎక్కడ ఖాళీ స్థిరపడిందో తెలిశాక, అప్పుడు 1,500 గ్రాఫ్టులతో కూడా పని జరుగుతుంది.

అమ్మాయికి చెప్పాలా అంటే చెప్పాలి. సిగ్గు కోసం కాదు, ఆ మాత్ర కోసం. ఫినాస్టెరైడ్ ఏళ్ల తరబడి వాడాల్సింది. కొద్దిమందిలో కోరిక, పటుత్వం తగ్గిస్తుంది, కొత్తగా పెళ్లైన ఇంట్లో అది చెప్పకపోతే ఇంకో రకంగా అర్థమవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు విరిగిన మాత్రను ఆమె ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం. ఈ మాట పెద్దలంతా కూర్చున్నప్పుడు కాకుండా, మీ తమ్ముడు ఆమెతో ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు తనే చెప్పేలా చూడండి, పెళ్లికార్డులు అచ్చుకివ్వక ముందే.