కొండమీదికి కాపురం మారుస్తున్న మేనకోడలికి

ప్రభువునందు ప్రియమైన మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

నువ్వూ అల్లుడూ వచ్చే నెలలో పాడేరు పైనున్న పల్లెకు పరిచర్య కోసం కాపురం మారుస్తున్నారని మీ నాన్న చెప్పాడు. మొన్న ఫోనులో నువ్వు, "కష్టాలు వచ్చిపడితే నా విశ్వాసం నిలబడుతుందా అత్తయ్యా?" అని అడిగినప్పుడు నేను ఏదో ఒక వాక్యం చెప్పి మాట మార్చాను. ముప్పై నాలుగేళ్లు మూడు ఊళ్లలో పాస్టరమ్మగా బతికినదాన్ని కనుక అంతకంటే కొంచెం నిజాయితీగా జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒంగోలు ప్రార్థన కొండను చిన్నప్పుడు నా వేలు పట్టుకుని ఎక్కావు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండమీద మోకరించినవారు ఐదుగురే: అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. నెల్లూరులో వారి మిషను పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు గడిచినా సంఘంలో చేరినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో ఉన్న పెద్దలు ఆ ముందటి ఏడాదే ఈ మిషనును మూసివేద్దామా అని చర్చించారు. వారి మిషన్ల పటంలో ఒక్కటే చుక్కగా ఉన్నందువల్ల దీనికి ఒంటరి నక్షత్రం అనే పేరు కూడా అప్పుడే వచ్చింది. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఆ ఐదుగురు చేసిన ప్రార్థన నెరవేరి క్లౌ దొరగారు అక్కడ కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. మన ప్రసంగీకులు ఈ కథ చెప్పేటప్పుడు కొండ దిగీ దిగగానే క్లౌ దొరగారి దగ్గరికి వచ్చేస్తారు. మధ్యలో ఉన్న ఆ పన్నెండేళ్ల మీదే నాకు మనసు. జ్యూయెట్ దొరగారు ఆ కాలమంతా పల్లెలు తిరిగారు, ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లారు. అక్కడ మళ్లీ మూసివేత మాట వచ్చినప్పుడు, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్తానని పెద్దలతో అన్నారు. ఆ మాట అనగలగడానికి ఆయనకు ఆ కొండమీది తెల్లవారుజాము ఒక్కటే సరిపోయి ఉండదు. రోజువారీ పని అలవాటైపోయి ఉంటుంది.

నీ మొదటి రోజువారీ పని భాష. పైన కొన్ని పల్లెల్లో కువి మాట్లాడతారు, కొన్నింట ఆదివాసీ ఒడియా. సంతలో తెలుగు నడుస్తుంది కదా అని అక్కడితో ఆగిపోకు; సంతభాషలో బేరం చేయవచ్చునేమో కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చోవడం కుదరదు. తిరునెల్వేలి నుంచి వచ్చిన అజరయ్యగారు 1909లో దోర్నకల్లులో గుడారం వేసుకుని దిగేనాటికి ముప్పై అయిదేళ్లవారు; ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. మూడేళ్లకు ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారన్న సంగతి అందరూ చెబుతారు. బాప్తిస్మం పొందిన ప్రతి పల్లెవాసి చేత, తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను పలికించేవారన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. పని తన ఒక్కడిది అనుకోకపోవడం వల్లనే ఆయన అంతకాలం నిలబడ్డారని నా నమ్మకం.

ఇక డబ్బు. మమ్మల్ని పంపిన సంస్థ ఒకసారి ఏడు నెలలపాటు జీతం ఆపేసింది. కారణం ఈనాటికీ మాకు ఎవరూ చెప్పలేదు. మీ మామయ్య ఉపవాస ప్రార్థనలో కూర్చున్నారు. నేను కూర్చోలేదు. నిజం చెప్పాలంటే మూడు వారాలు నేను ప్రార్థనే చేయలేదు, ఆదివారం ముందు వరుసలో కూర్చుని పెదవులు మాత్రం కదిపేదాన్ని. ఆ రోజుల్లో, మా సంఘంలో చేరని ఒక ముసలమ్మ, పాస్టరుగారి ఇంట్లో పొయ్యి రాజుకోవడం లేదని ఎలా పసిగట్టిందో కానీ, కొంగులో చోళ్లు కట్టుకొచ్చి అరుగుమీద పోసి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ అంబలి తాగిన రాత్రి మళ్లీ ప్రార్థన చేశాను. ఇచ్చేవాళ్లుగా మాత్రమే వెళ్లకండి తల్లీ. తీసుకోవడం కూడా నేర్చుకోండి. ఆ తరువాత నేను కుట్టుమిషను నేర్చుకుని జాకెట్లు కుట్టాను, ఆ సంపాదన మా ఇంటికి చివరిదాకా ఆసరాగా నిలిచింది. కానుకల లెక్క మాత్రం వేరే పుస్తకంలో, సంఘపెద్దల ఎదుట, ప్రతి నెలా రాయండి. శత్రువుల వల్ల చెడిన పరిచర్యలకంటే రాయని లెక్కల వల్ల చెడినవి నేను ఎక్కువ చూశాను.

కరువు విషయం కాస్త వివరంగా రాస్తాను. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ మహాకరువులో మన జిల్లాలు మాడిపోయినప్పుడు, సర్వే పని తెలిసిన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టు తీసుకుని, తన సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి కూలి ఇప్పించారు. పని చేస్తూనే జనం వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. సహాయం నడుస్తున్నంతకాలం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదనీ, వచ్చేవారి మనసు వారికే స్పష్టం కావాలనీ ఆయన ఉద్దేశం. సహాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో ఆ అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకునేవారు ఉంటారు. నువ్వు మాత్రం ఆ అంకె వెనుక, అడిగినవారిని కాదని పంపిన నెలలను గుర్తుపెట్టుకో. పంపినవారికి నెలనెలా అంకెలు చూపించవలసిన ఈ కాలంలో అలా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. బియ్యం ఇచ్చిన రోజు బాప్తిస్మం మాట ఎత్తవద్దు. సరిహద్దు దాటి వెళ్లే పల్లెలు ఒడిశావి, అక్కడ బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడాన్ని నిషేధించే చట్టం 1967 నుంచి ఉంది. అల్లుణ్ని దాన్ని ఒకసారి పూర్తిగా చదవమను. చట్టం లేకపోయినా నేను నీకు ఇదే చెప్పేదాన్ని. ఎదుటివారి దేవతలను ఒక్క మాట అనవద్దని వేరే చెప్పాలా?

ఎవరి ఇంట మొదట అన్నం తింటారో ఊరంతా చూస్తుంది. తలకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు 1866లో విశ్వాసంలోకి వచ్చి పల్లెపల్లెకూ తిరిగి బోధిస్తున్నప్పుడు, వీళ్లను చేర్చుకుంటే మేము రామని ఒంగోలు పెద్దకులాలవారు అన్నారు. ఏమి చేయాలో తోచక క్లౌ దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలోని ఒకే భాగం, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న మాట, కనబడిందట. దానితో వారి తటపటాయింపు తీరింది. మన సంఘాల్లో నేటికీ కులాన్ని బట్టి బెంచీలు ఎంచుకునేవారిని చూస్తే, ఆ రెండు గదుల మధ్య గోడ ఇంకా కూలలేదేమో అనిపిస్తుంది. మీరు కొండమీద అలాంటి గోడ కట్టకండి.

నర్సు చదువు వృథా అవుతుందని మీ అమ్మ బాధపడుతోంది. డాక్టరు చదువు చదివిన అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చేనాటికి ఆమెను పంపినవారు వైద్యసేవకు సిద్ధంగా లేరు. ఆమె బడుల్లో చదువు చెబుతూ, ఇళ్లు తిరుగుతూ, వీలైనచోట మందు ఇస్తూ గడిపారు. ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో. నీకు మొదటి ఏడాది గాజుగుడ్డ చుట్టడం తప్ప పని దొరకకపోయినా చిన్నబుచ్చుకోకు.

చివరిగా నా తప్పు ఒకటి రాయాలి. మీ బావకు మూడేళ్లప్పుడు చలిజ్వరం వస్తే, ప్రార్థనతో తగ్గుతుందని రెండు రోజులు ఆగాము. మూడో రోజు ఎడ్లబండిలో వేసుకుని పరుగెత్తాము, ప్రాణం దక్కింది. రక్తపరీక్ష చేయించుకోవడం అవిశ్వాసం అని ఆనాడు మాకు ఎవరో చెప్పారు, మేము నమ్మాము. కొండమీద మలేరియా ఉంటుంది. జ్వరం తగిలిన రోజే రక్తం చూపించండి, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

దోమతెరలు రెండు, ఒక చేతి కుట్టుమిషను, గీతలున్న పెద్ద లెక్కల పుస్తకం ఒకటి మీ నాన్నతో పంపుతున్నాను. మొదటి నెల ప్రసంగం చేయకుండా ఊరివారి మాటలు వినమని అత్తయ్య చెప్పిందని అల్లుడితో చెప్పు. కోపం వస్తే నాకు ఫోను చేయమను.

మీ అత్తయ్య