దర్వాజ సంగతి తర్వాత, ముందు పాప సంగతి చూడండి

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మా ఊరు రిజర్వాయరు కింద పోయింది. నేను ఒక్కతే కూతురిని కావడంతో మేనత్త కొడుకును ఇల్లరికం తెచ్చుకున్నారు. పెద్దలు కుదిర్చిన సంబంధమే అయినా మాది ప్రేమ పెళ్లే. బావ పుణెలో మేస్త్రీ పనికి పోయిన రోజుల్లో ప్రతి ఆదివారం కాయిన్ బాక్స్ ఫోన్ దగ్గర నా కోసం గంటల తరబడి నిలబడేవాడు. నాన్న పోయాక ఇంటి పరిహారం నా ఖాతాలో పడింది. చెక్కుబుక్కు మాత్రం బావ దగ్గరే ఉంటుంది, అడిగిన చోటల్లా సంతకం పెట్టాను. ఇల్లు విప్పేటప్పుడు తాతల నాటి టేకు దర్వాజను, ఇత్తడి గంగాళాన్ని డీసీఎం వేసుకుని వచ్చిన హైదరాబాద్ వ్యాపారికి అమ్మేశానన్నాడు. మొన్న షాద్‌నగర్ వైపు జరిగిన ఒక గృహప్రవేశం ఫోటోలు ఫోన్‌లో చూశాం. ఆ గుమ్మానికి ఉన్నది మా దర్వాజే. ఏటా ఉగాదికి మా నాన్న పాప ఎత్తు చూసి చాకుతో పెట్టిన గీతలు ఆ చెక్క మీద అలాగే ఉన్నాయి. పాపే ముందు గుర్తుపట్టింది. పీటల మీద బావ, పక్కన ఎవరో ఒక ఆవిడ. వెనక మా మేనత్త నిలబడి ఉంది. బావ ఇప్పటికీ ప్రతి శనివారం ఇంటికి వచ్చి వెళతాడు. నేనేమీ అడగలేదు. అమ్మ తట్టుకోలేదని, ఎవరికీ చెప్పొద్దని పాప దగ్గర ఒట్టు వేయించుకున్నాను. గడప పరాయి ఇంటికి పోతే వంశానికి అరిష్టమంటున్నారు. ఏం శాంతి చేయించాలి? దర్వాజను వెనక్కి తెచ్చుకునే దారి ఏమిటి? పదో తరగతి చదివే పాప కూడా ఈమధ్య నాతో సరిగా మాట్లాడడం లేదు.

జవాబు: శాంతి ఏమీ అక్కర్లేదమ్మా. 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు మన పాలమూరు జిల్లాలో ఎన్ని గడపలు బండ్లెక్కి ఎక్కడెక్కడికో పోయాయో లెక్కలేదు. ఆ వంశాలన్నీ చల్లగానే ఉన్నాయి. మీకు ఈ భయం పెట్టిన వాళ్ల మాట ఇంతటితో వదిలేయండి.

దర్వాజ గురించి ఒక్క మాట. కూడవెల్లి సంగమేశ్వరాలయం ముంపులో పోతుందని ఏ రాయికి ఆ రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడి గుడంతా కదిలింది కాబట్టి అక్కడ నిలిచింది. మీరు ఆ ఒక్క దర్వాజను తెచ్చి పునరావాస కాలనీలో ఏ గోడకు ఆనించి పెడతారు? రోజూ దాన్ని చూస్తూ ఏడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం నిండా బావ, దర్వాజ, మేనత్త. పాప గురించి చివర్లో ఒక్క వాక్యం, అదీ 'కూడా' అని. నాకు ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది.

ఆ ఫోటోలో పాప చూసింది దర్వాజను కాదు. తాత తనను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి, చాకుతో గీసిన గీతలను చూసింది. తన చిన్నతనాన్ని తండ్రి మరో ఇంటి గుమ్మానికి బిగించాడని ఎవరూ చెప్పకుండానే దానికి అర్థమైంది. ఆ క్షణంలో పరుగున వచ్చింది మీ దగ్గరికే. మీరు దాన్ని దగ్గరికి తీసుకోవలసింది పోయి ఒట్టు వేయించుకున్నారు. బావ వారం వారం వస్తాడని రాశారు. వచ్చినప్పుడు మీరు అన్నం వడ్డిస్తారు కాబోలు. పాప ఏం చేస్తుందో రాయలేదు. మంచినీళ్లు అందిస్తుందా? పుస్తకం తెరుచుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటుందా? ఆ రెండు పూటలు ఆ పిల్ల ఎలా గడుపుతున్నదో మీరు చూడనైనా చూస్తున్నారా?

సహించే ఆడవాళ్లను నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం ఎన్నో దిగమింగి ఇల్లు నిలబెట్టిన వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మీ బాధ మీరు దిగమింగితే అది మీ ఇష్టం. దాన్ని పదిహేనేళ్ల పిల్ల గొంతులో కుక్కే హక్కు మీకు లేదు. మొగుడు ఏం చేసినా నోరెత్తకపోవడమే కాపురమని ఇప్పుడు అది నేర్చుకుంటున్నది. రేపు దాని కాపురంలో ఇదే జరిగితే మీకైనా చెబుతుందా?

ఆయన ఒకప్పుడు మిమ్మల్ని ప్రేమించలేదని నేను అనను. కాయిన్ బాక్స్ దగ్గర నిలబడ్డ ఆదివారాలు నిజమే అయి ఉంటాయి. అయితే ఆ ఆదివారాలను ఈ శనివారాలకు చెల్లు వేసుకుంటున్నది మీరు. ఆయన మీ తండ్రి దర్వాజను ఇచ్చేశాడు, మీరు మీ ఆత్మగౌరవాన్ని ఇచ్చేస్తున్నారు. ఎన్ని పాత ఆదివారాలు ఉంటే ఈ బాకీ తీరుతుంది?

ఈ రాత్రే పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. 'ఒట్టు నేనే వేయించాను, నేనే తీసేస్తున్నాను, తీసి గట్టున పెట్టు' అని చెప్పండి. అది ఏడిస్తే ఏడవనివ్వండి, తండ్రిని తిడితే తిట్టనివ్వండి. మధ్యలో 'ఎంతైనా నాన్న కదా' అనకండి. ఆ మాట చెప్పాలో వద్దో అది పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. పరీక్షలు అయ్యేదాకా ఆగుదామని అనుకోవద్దు, ఆ పిల్ల ఇప్పుడు చదువుతున్నదని మీరు అనుకుంటున్నారేమో, నాకు నమ్మకం లేదు. మర్నాడు మీ అమ్మకు చెప్పండి. భర్తనూ ఊరినీ పోగొట్టుకుని బతికిన మనిషి ఆమె, అల్లుడి సంగతి తట్టుకోలేదనుకోవడం పొరపాటు. పైగా మీ నాన్న ఇంటి పరిహారంలో ఆమెకూ వాటా ఉంటుంది. ఆమె సొమ్ము సంగతి ఆమెకే తెలియకుండా దాస్తున్నారు, ఇది మాత్రం మన్నించదగ్గది కాదు.

డబ్బు విషయం తేలిక. బ్యాంకుకు వెళ్లి, ఆ చెక్కుబుక్కులో మిగిలిన చెక్కులన్నీ ఆపించండి. పరిహారం పడ్డనాటి నుంచి ఖాతా వివరాలు తీయించండి. తండ్రి నుంచి మీకు వచ్చిన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పూర్తిగా మీదే, భర్తకు అందులో హక్కు లేదు. మీ సొమ్మును, మీ సామానును మీకు తెలియకుండా అమ్ముకోవడాన్ని 2005 గృహహింస చట్టం ఆర్థిక హింస కిందే చూస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోన్ చేయవచ్చు. కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రానికి 181. పీటల మీద కూర్చున్నంత మాత్రాన రెండో పెళ్లి రుజువు కాదు. నిజంగానే పెళ్లి చేసుకుని ఉంటే మాత్రం అది చెల్లదు, నేరం కూడా. ఏది నిజమో న్యాయవాది కనుక్కుంటారు. షాద్‌నగర్ వెళ్లి ఆ ఇంటి ముందు మీరు నిలబడవద్దు. ఫోటోలు మాత్రం మీ ఫోన్‌లో దాచుకోండి, పాప ఫోన్‌లో వద్దు.

వచ్చే శనివారం ఆయన వస్తే వాకిట్లోనే అడగండి. వడ్డించాక కాదు. పాపను ఆ పూట స్నేహితురాలి ఇంటికి పంపండి, ఎందుకు పంపుతున్నారో దానికి చెప్పి మరీ పంపండి. మీ మేనత్త రాయబారానికి ఫోన్ చేస్తుంది. తమ్ముడి కూతురివి, నా కోడలివి అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. గృహప్రవేశంలో వెనక నిలబడినప్పుడు ఆమెకు ఈ రెండూ గుర్తులేవు, కాబట్టి వెంటనే జవాబు ఇవ్వనక్కర్లేదు. ఆ ఫోన్ మాత్రం పాప ఎత్తకుండా చూసి, మీరే ఎత్తండి.