మహమ్మారి సమయంలో పేటెంట్ ఉన్న మందును కంపెనీ అనుమతి లేకుండా ఇతరులు తయారు చేయవచ్చా?

చేయవచ్చు, ప్రభుత్వం కంపల్సరీ లైసెన్సు ఇస్తే, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇతర కంపెనీలు ఆ మందును చట్టబద్ధంగా తయారు చేయవచ్చు.

పేటెంట్ అంటే ఒక ఆవిష్కరణను ఇతరులు తయారు చేయకుండా, అమ్మకుండా సాధారణంగా 20 ఏళ్లపాటు ఆపగలిగే హక్కు. పోటీ లేనప్పుడు కంపెనీ చెప్పిందే ధర. కానీ ఆ హక్కును ఇచ్చేది ప్రభుత్వమే కనుక దానికి హద్దులూ ఉన్నాయి. పేటెంట్ల వంటి మేధో సంపత్తి హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ చేసుకున్న ట్రిప్స్ ఒప్పందంలోని 31వ అధికరణమే కంపల్సరీ లైసెన్సు ఇచ్చే ఈ వెసులుబాటు కల్పించింది. మామూలుగా ముందు కంపెనీతో చర్చలు జరపాలి, జాతీయ అత్యవసర పరిస్థితిలో అదీ అక్కర్లేదు. ఏ కారణంతో లైసెన్సు ఇవ్వాలన్నది ఆయా దేశాల ఇష్టమేనని ఆ సంస్థ సభ్య దేశాలు 2001లో చేసిన దోహా ప్రకటన తేల్చి చెప్పింది.

2007లో బ్రెజిల్ హెచ్‌ఐవీ మందు ఎఫావిరెంజ్‌కు ఇలాగే లైసెన్సు ఇచ్చి, భారత్ నుంచి చౌకగా జెనరిక్ మందు తెప్పించుకుంది.

దీంతో పేటెంట్ రద్దవుతుందని చాలామంది అనుకుంటారు. రద్దు కాదు, పేటెంటుదారుకు తగిన రాయల్టీ చెల్లించాల్సిందే. ఇంతకంటే పెద్ద అపోహ ఇంకొకటి ఉంది: పేటెంట్ అడ్డు తొలగితే చాలు, మందు అందరికీ అందుతుందని. మాత్రల విషయంలో అది చాలావరకు నిజమే. వ్యాక్సిన్ల సంగతి వేరు. మహమ్మారి కొనసాగినన్నాళ్లూ తన కోవిడ్ పేటెంట్ల కోసం ఎవరిపైనా చర్య తీసుకోనని మోడెర్నా 2020 అక్టోబరులోనే ప్రకటించింది. అయినా ఆ వ్యాక్సిన్ వెంటనే దేశదేశాల్లో తయారుకాలేదు. ఎందుకంటే ఉత్పత్తి మెలకువలు, నాణ్యత పరీక్షల వివరాలు చాలావరకు పేటెంట్ పత్రాల్లో ఉండవు, కంపెనీల దగ్గర వాణిజ్య రహస్యాలుగా ఉంటాయి. వాటిని పంచుకోమని కంపల్సరీ లైసెన్సు కంపెనీని బలవంతపెట్టలేదు.